ఓటు సిరా రివ్యూ: కడపలో ఒక సీసా, కవరత్తిలో ఒక సీసా

రేటింగ్: అయిదుకి నాలుగు. తగ్గిన ఆ ఒక్క స్టారు సిరాకి కాదు, బ్రష్షుకి. ఆ సంగతి కింద చెబుతా.

ఫోన్లకీ మిక్సీలకీ బిర్యానీ సెంటర్లకీ పేజీలకు పేజీలు రివ్యూలు రాసే జనం, అయిదేళ్ళకోసారి ఊరందరి వేలికీ పూసే ఈ సరుకు గురించి ఒక్క ముక్క రాయలేదు. నాకైతే రాసే హక్కు ఉందనే అనుకుంటున్నా. 2024 మే 13న ఎర్రగుంట్ల వైపు ఒక పల్లె బూత్‌లో నాకు పడిన డ్యూటీ అదే, వేలికి సిరా పెట్టడం. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి చీకటి పడేదాకా తొమ్మిది వందల వేళ్ళు పట్టుకున్నా. పైగా మా బామ్మర్దికి లక్షద్వీప్ రాజధాని కవరత్తిలో ఉద్యోగం, అక్కడే ఓటు, వాడు మాకన్నా ముందే ఏప్రిల్ 19న వేసేశాడు. అంటే ఒకే సరుకుని ఒకటి సముద్రం మధ్యలో, ఇంకోటి బండల గనుల మధ్యలో, రెండు చోట్లా పరీక్షించి చూసినట్టే. ఫోటోలు వారం వారం పంపించుకున్నాం. ఇద్దరు పెద్దమనుషులు వాట్సాప్‌లో గోళ్ళ ఫోటోలు పంపించుకోవడం చూసి మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

ముందు ప్యాకింగ్. ముదురు తేనె రంగులో చిన్న ప్లాస్టిక్ సీసా, పది మిల్లీలీటర్లు. ఆ రంగు అందం కోసం కాదు. లోపలున్నది సిల్వర్ నైట్రేట్, వెలుతురు తగిలితే మారిపోయే రకం, అందుకే చీకట్లో దాచినట్టు దాస్తారు. తయారయ్యేది మైసూరులో, కర్ణాటక ప్రభుత్వానిదైన మైసూర్ పెయింట్స్ అండ్ వార్నిష్‌లో. 1937లో అప్పటి మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయర్ పెట్టించిన లక్క, రంగుల ఫ్యాక్టరీ అది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఫార్ములా ఇస్తే, 1962 సార్వత్రిక ఎన్నికల నుంచి దేశమంతటికీ వీళ్ళే సప్లై. అనంతపురం దాటి కాస్త పోతే కర్ణాటకే కాబట్టి మనకు పక్కింటి సరుకే అనుకోవచ్చు.

ధర చూస్తే నవ్వొస్తుంది. 2024 ఎన్నికలకు సీసా 174 రూపాయలు, మొత్తం 26.5 లక్షల సీసాలు. ఒక సీసా సుమారు ఏడు వందల మందికి వస్తుందని లెక్క, అంటే వేలికి పావలా. పావలాకి ఇప్పుడు చాక్లెట్ కూడా రాదు. దుకాణంలో దొరకదు, ఆన్‌లైన్‌లో దొరకదు, కావాలంటే ఓటేయాల్సిందే.

ఇక వాడకం. ట్రైనింగులో ముప్పావుగంట మిషన్ల మీదే పోయింది, సిరా గురించి అర నిమిషం. "అది మీకు తెలిసిందే కదా" అని దాటేశారు. తెలిసిందే, కానీ ఒకరి వేలికి పెట్టడం వేరు, తొమ్మిది వందల మందికి పెట్టడం వేరు. చేతి పుస్తకంలో ఒక మంచి మాట రాసుంది: ఒక కప్పులోనో ఖాళీ డబ్బాలోనో ఇసుక పోసి, అందులో సీసాని ముప్పావు వంతు పూడ్చి పెట్టుకోమని, ఒలికిపోకుండా. పూడ్చాను కూడా, కాకపోతే పన్నెండు దాటాక. పొద్దున మాక్ పోల్ (అసలు పోలింగుకి ముందు మిషన్ పరీక్షించే ఉత్తుత్తి ఓటింగు) హడావుడిలో ఇసుక ఎవడు తెస్తాడులే అనుకున్నా. తొమ్మిదిన్నరకి ఎవరో ఉగ్గాని పొట్లాలు తెచ్చి టేబుల్ మీద పెట్టారు, నేను చెయ్యి చాచాను, మోచెయ్యి తగిలింది. చారెడు కూడా ఒలకలేదు, నాలుగు చుక్కలంతే. తెల్ల చొక్కా మీద మొదట ఊదా రంగు, పది నిమిషాలకి గోధుమ రంగు, మధ్యాహ్నానికి బొగ్గు. ఆ చొక్కాకి సబ్బు, నిమ్మకాయ, కిరసనాయిలు, పక్కింటావిడ చెప్పిన ఇంకో రెండు మూడు వైద్యాలు, అన్నీ అయ్యాయి. ఏదీ పనిచేయలేదు. ఇప్పుడు బండి తుడుస్తున్నాం దాంతో. తప్పు నాదే, సరుకుకి ఇది పొగడ్త కిందే లెక్క.

పనిచేసే తీరు దగ్గరగా చూస్తే భలే ఉంటుంది. పెట్టగానే తడిగా, లేత ఊదాగా ఉంటుంది, "ఇంతేనా సార్, పోదు కదా?" అని అడుగుతారు. వేలి మీద చెమటలో ఉన్న ఉప్పుతో కలిసి, వెలుతురు పడేకొద్దీ ముదురుతుంది. మనిషి సంతకం పెట్టి, స్లిప్పు తీసుకుని, రెండు మిషన్ల దగ్గర బటన్లు నొక్కి, గుమ్మం దాటి ఎండలోకి పోయేసరికి నల్లగా కూర్చుంటుంది. మే నెల ఎండ, మాది సీమ, ఇంకేం కావాలి. ఆ రోజు మా సిరా ఎంత త్వరగా నల్లబడిందో దేశంలో ఇంకెక్కడా నల్లబడి ఉండదని నా అనుమానం.

గీత గురించి ఒక మాట. ఇదివరకు గోరూ చర్మమూ కలిసే చోట చుక్కలాగా పెట్టేవాళ్ళు. 2006 నుంచి ఎడమ చూపుడు వేలికి గోరు పైకొస నుంచి మొదటి కణుపు దాకా గీత. పెద్దాయనలకు ఇప్పటికీ ఆ చుక్కే గుర్తు, గీత గీస్తుంటే "ఏమబ్బా, నామం పెడుతున్నావే" అన్నాడొకాయన. మొదటిసారి ఓటేసే పిల్ల ఒకతి "సార్, కొంచెం సన్నగా పెట్టండి, ఫోటోలో బాగుండాలి" అంది. సన్నగానే పెట్టా, పాపం. గోరింటాకు పెట్టుకుని వచ్చిన కొత్త పెళ్ళికూతురు ఒకామె వేలు చూసి నాకే టెన్షన్, ఎర్రటి గోరు మీద గీత కనబడుతుందా అని. శుభ్రంగా కనబడింది. వేలికి నూనె పూసుకుని వచ్చిన తెలివైనవాళ్ళూ ఇద్దరు తగిలారు, గుడ్డతో తుడిచి మరీ పెట్టాం. అలా తుడవమని పుస్తకంలోనే ఉంది.

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఒకాయన వచ్చాడు, యాభై ఏళ్ళుంటాయి, గనిలో పని. ఎడమ చెయ్యి చాపాడు. చూపుడు వేలు లేదు, కణుపు కూడా లేదు, నున్నగా ఉంది అక్కడ. మా వైపు బండల పని చేసేవాళ్ళలో ఇది కొత్త కాదు, మీ ఇంట్లో వేసుకున్న కడప బండ ఊరికే రాలేదు. నేను ఒక్క క్షణం ఆగిపోయా. ఆయనే మధ్యవేలు ముందుకు జరిపి "దీనికి పెట్టు సార్, పోయినసారీ దీనికే పెట్టినారు" అన్నాడు. రూలు కూడా అదే, చూపుడు వేలు లేకపోతే అదే చేతికి ఇంకో వేలు. నాకన్నా ఆయనకే బాగా తెలుసు.

బ్రష్షు సంగతి. కిట్‌తో పాటు వచ్చింది, ఎవరు సప్లై చేశారో తెలియదు, మధ్యాహ్నానికి వెంట్రుకలు విచ్చుకుని పాత చీపురులా అయింది. గీత రావడం మానేసి పూత రావడం మొదలైంది. చివరికి అగ్గిపుల్లతో నడిపించా. ఆ అగ్గిపుల్ల పుణ్యమా అని నా కుడి బొటనవేలూ చూపుడు వేలూ రెండూ తారు డబ్బాలో ముంచినట్టు అయ్యాయి, గ్లవుజులు ఇవ్వలేదు కాబట్టి. రెండు వారాల పాటు పెళ్ళిళ్ళలో నా చేత్తో తాంబూలం తీసుకోవడానికి జనం వెనకాడారు. ఒక స్టారు పోయింది ఇక్కడే.

ఇప్పుడు కవరత్తి సీసా.

మా బామ్మర్ది లక్షద్వీప్ పోయేదాకా నాకూ దాని గురించి తెలిసింది తక్కువే. ముప్పై ఆరు దీవులు, మనుషులుండేవి పది, అన్నీ కలిపినా 32 చదరపు కిలోమీటర్లు. మన ఊళ్ళల్లో కొన్ని పంచాయతీల పొలాలు అంతకన్నా ఎక్కువే ఉంటాయి. 1956 నవంబర్ 1న కేంద్రపాలిత ప్రాంతమైంది, అంటే ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజే. అసెంబ్లీ లేదు, ఒకే ఒక్క ఎంపీ. 1967 దాకా ఆ ఎంపీని కూడా రాష్ట్రపతి నామినేట్ చేసేవాడు, ఓట్లే లేవు. 2024లో ఓటర్లు 57 వేల పైచిలుకు, దేశంలోకెల్లా చిన్న లోక్‌సభ సీటు. మా కడప పార్లమెంటుకి పదహారు లక్షల పైనే. ఇంకా చెప్పాలంటే 2024లో మా కడప సీటులో వచ్చిన మెజారిటీయే 62 వేల పైన. అంటే మా దగ్గర గెలిచినాయనకీ రెండో స్థానంలో నిలిచినాయనకీ మధ్య తేడాలో లక్షద్వీప్ ఓటర్లందరూ పట్టేసి, ఇంకా చోటు మిగులుతుంది.

మొదట వీడు ఫోన్ చేసి "బావా, మాకు ఒక్కటే మిషన్, నొక్కితే అయిపాయె, బయట క్యూ కూడా లేదు" అంటే నేను గట్టిగా నవ్వా. చిన్న ఊరి ఎన్నిక, సిరా ఎందుకురా అక్కడ, అందరికీ అందరూ తెలుసు కదా, రెండోసారి వస్తే మొహం చూసి పంపించేయరా అన్నా. అప్పుడు వాడు 2004 సంగతి చెప్పాడు.

పి.ఎం. సయీద్ అని ఒకాయన. 1967లో లక్షద్వీప్‌కి తొలి ఎన్నిక జరిగినప్పటి నుంచి 1999 దాకా వరసగా పది సార్లు గెలిచాడు, పది! లోక్‌సభ డిప్యూటీ స్పీకర్‌గా కూడా చేశాడు. 2004లో మా రాజశేఖర రెడ్డి పాదయాత్ర చేసి రాష్ట్రమంతా కాంగ్రెస్‌ని గెలిపించిన వేళ, దేశంలోనే కాంగ్రెస్ గాలి తిరిగిన వేళ, ఆ కాంగ్రెస్ పెద్దాయన మాత్రం ఆ దీవుల్లో ఓడిపోయాడు. జేడీయూ తరఫున నిలబడిన పూకుంజి కోయ చేతిలో, 71 ఓట్ల తేడాతో. డెబ్భై ఒకటి. మా బూత్‌లో ఉగ్గాని తినడానికి నేను చెయ్యి చాచి, సీసా ఒలికించి, తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టేలోపు క్యూలో నిలబడిపోయిన జనం ఉంటారు అంతమంది. ముప్పై ఏడేళ్ళ పెద్దరికం ఆ క్యూతో సమానం. మన పక్కనా ఇలాంటివి ఉన్నాయిలెండి, 2024లో మడకశిర అసెంబ్లీ 351 ఓట్లతో తేలింది. కానీ అది అసెంబ్లీ, ఇది పార్లమెంటు.

ఆ తర్వాత కూడా అక్కడ అంకెలు అలాగే. 2014లో ఎన్సీపీ మొహమ్మద్ ఫైజల్ 1,535 ఓట్లతో, 2019లో మళ్ళీ ఆయనే 823 ఓట్లతో. 2024లో సయీద్ గారి కొడుకు హమ్దుల్లా సయీద్, 2,647 ఓట్లతో కాంగ్రెస్‌కి తిరిగి తెచ్చాడు. ఈ లెక్కన ఎవడైనా ఒకడు రెండుసార్లు ఓటేస్తే మా దగ్గర సముద్రంలో చెంబు నీళ్ళు, సముద్రం చుట్టూ ఉన్న చోట మాత్రం అది చెంబు కాదు. నవ్వినందుకు నేను వెనక్కి తగ్గా. సిరాకి అసలైన పని అక్కడే ఉంది.

సీసాల లెక్క కూడా వేశాం, ఇద్దరికీ పనీ పాటా లేక. 2024లో అక్కడ పోలింగ్ కేంద్రాలు 55. కేంద్రానికి రెండు చొప్పున వేసుకున్నా 110 సీసాలు, ఒక ద్విచక్ర వాహనం డిక్కీలో పట్టేస్తాయి. ఇరవై ఆరున్నర లక్షల సీసాల్లో ఇవి నూటపది. బిత్ర అని ఒక దీవి ఉంది, 2011 జనాభా లెక్కల్లో మొత్తం 271 మంది, చంటి పిల్లలతో సహా. అక్కడికీ పడవలో మిషన్ పోవాలి, సిబ్బంది పోవాలి, సీసా పోవాలి. సీసా ఏడు వందల మందికి, ఊళ్ళో అందరికీ పూసినా సగానికి పైనే మిగిలిపోతుంది. మాకు మధ్యాహ్నానికి రెండో సీసా తెరవాల్సి వచ్చింది.

నా అసలు అనుమానం వేరే. అక్కడ చాలామందికి ట్యూనా వేటే బతుకు, రోజంతా చేతులు ఉప్పునీళ్ళలోనే, సిరా నాలుగు రోజుల్లో పోతుందేమో కదా? తీరా అడిగితే తేలిందేమిటంటే పోలేదు సరికదా, వేటగాళ్ళ వేళ్ళ మీదే ఎక్కువ నల్లగా కనిపించిందట. ఆలోచిస్తే నిజమే, ఉప్పుతో కలిసే కదా ఇది ముదిరేది, కలిశాక నీళ్ళలో కరగదు. ఉప్పు దీనికి శత్రువు కాదు, చుట్టం. సముద్రం తాలూకు పరీక్షలో పూర్తి మార్కులు.

ఇంకో చిన్న ముచ్చట. దక్షిణాన చివరన మినికాయ్ దీవి ఉంది, మిగతా దీవుల్లో మలయాళపు యాస అయితే అక్కడ మాత్రం మహల్, అంటే పక్కనున్న మాల్దీవుల ధివేహి భాషే. మాల్దీవులకి కూడా ఈ మైసూరు సిరా పోతుందట, కాకపోతే అక్కడ గీత కాదు, వేలే సిరాలో ముంచాలి. ఒకే భాష, ఒకే సిరా, ఒకరికి గీత, ఒకరికి ముంచుడు. మా బూత్‌లో ముంచే పద్ధతి ఉండి ఉంటే నా అగ్గిపుల్ల కష్టాలు తప్పేవి.

(పక్కమాట: లక్షద్వీప్‌లో మద్యనిషేధం, ఒక్క బంగారం అనే దీవిలో టూరిస్టుల కోసం తప్ప. పేరే బంగారం. ఎన్నికల ముందు రాత్రి మందు లేకుండా ఒక పార్లమెంటు ఎన్నిక జరిగిపోతుందని మా పల్లెలో చెబితే, అభ్యర్థులు దేనితో ప్రచారం చేస్తారు అని నిజంగా అడిగారు.)

మన్నిక. ఒకటే ప్రశ్న అడుగుతారు కాబట్టి సూటిగా చెబుతా. చర్మం మీద నాకు రెండు వారాలు దాటి మూడో వారంలో పొరలు పొరలుగా పోయింది. గోటి మీద అసలు పోదు, గోరు పెరిగి బయటికి నెట్టాల్సిందే. కౌంటింగ్ జూన్ 4న. ఏప్రిల్ 19న ఓటేసినవాడికి నలభై ఆరు రోజులు నిరీక్షణ. ఆ పొద్దున టీవీ ముందు కూర్చుని వాడు పంపిన ఫోటోలో గోరు అడుగున నాలుగైదు మిల్లీమీటర్లు తెల్లగా వచ్చి, పైన ఇంకా నల్లగా ఉంది. ఓటు ఎవరికి పడిందో తేలేదాకా గుర్తు నిలబడింది. మా వాళ్ళకి ఇరవై రెండు రోజులే, మాకు ఇది సులువైన పరీక్ష.

ఇతర ఉపయోగాలు కూడా ఉన్నాయి. 2016 నవంబర్‌లో నోట్లు రద్దయినప్పుడు బ్యాంకుల్లో పాత నోట్లు మార్చుకున్నవాళ్ళకి ఇదే పూశారు, ఓటుతో కలవకుండా కుడి చేతికి. మా నాన్న ఆ వేలు చూసుకుని "ఓటు వేస్తే ఎడమ, నోటు మారిస్తే కుడి" అనేవాడు. ఇప్పుడు లేడు. ఆ రోజుల్లో కడపలో బ్యాంకు బయట మూడు గంటలు నిలబడ్డాడు, రెండు వేల కోసం.

ఎవరు వాడాలి అంటే పద్దెనిమిది నిండినవాళ్ళు. ఎవరు వాడకూడదు అంటే ఉగ్గాని తింటూ డ్యూటీ చేసేవాళ్ళు. ఓపీవో (అదర్ పోలింగ్ ఆఫీసర్), అంటే నాలాంటి బూత్ డ్యూటీ పడినవాళ్ళకి సలహా: బ్రష్షుని నమ్మొద్దు, ఇంట్లోంచి అగ్గిపెట్టె తీసుకుపోండి, తెల్ల చొక్కా వేసుకోవద్దు, ఇసుక పొద్దున ఆరింటికే తెచ్చుకోండి.

ఆగస్టులో వరలక్ష్మీ వ్రతానికి బామ్మర్ది వచ్చాడు. ఎండబెట్టిన ట్యూనా ఒక పొట్లం తెచ్చాడు, రాయిలా ఉంది, మా ఆవిడ పండగ పూట అది ఇంట్లోకి రానివ్వలేదు, స్కూటర్ డిక్కీలోనే పెట్టాం. సాయంత్రం వరండాలో కూర్చుని కాఫీ తాగుతుంటే మా అమ్మ వాడి చెయ్యి చూసి "ఏం నాయనా, వేలికి దెబ్బ తగిలిందా" అంది. గోరు కొసన సన్నటి నల్ల అంచు, నెలవంకలా, అంతే మిగిలింది. నాలుగు నెలలు. వాడు నా చేతిలోంచి గోళ్ళు తీసే కట్టర్ తీసుకుని టక్కున కత్తిరించాడు. అది ఎగిరి కడప బండ మీద పడింది, నల్ల బండ కదా, ఎంత వెతికినా కనబడలేదు.